టెలివిజనుకు వీడియో పెట్టెలను కలుపు విధానము

టెలివిజను కేవలము వినోదమునకే యని రైతులు తలంపరాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా, నాటి ఆంధ్రప్రదేశ్‌తో గూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు ప్రసారము చేయబడెను. 2015 లో దూరదర్శన్ వారు రైతుల కొఱకే డీడీ కిసాన్ ఛానలును నెలకొల్పిరి. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీడిష్ ద్వారా ఇట్టి ప్రసారములను పల్లెలలో చూడవచ్చును. అయినను తీగెలు కలుపుట యెఱుగక, చెడని పెట్టెను చెడెనని తలంచి క్రొత్తదానిని కొనువారు కలరు. అట్టి వ్యర్థవ్యయమును మాన్పుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

మొదట గ్రహింపవలసినది దిశ. కాలువనీరు తూము నుండి వెడలి మడవలో ప్రవేశించును. పొలము నుండి తూమునకు తిరిగి పోదు. అట్లే బొమ్మయు ధ్వనియు డిష్ పెట్టె నుండి గాని, డిస్కు ప్లేయరు నుండి గాని వెడలి టెలివిజనులో ప్రవేశించును. పెట్టె వెనుక ‘ఔట్’ అని వ్రాసిన రంధ్రము తూము వంటిది. టెలివిజనుపై ‘ఇన్’ అని వ్రాసినది మడవ వంటిది. ఔట్‌ను ఔట్‌తో కలిపిన యెడల ఏమియు కనబడదు.

తీగెలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది మూడురంగుల తీగె. పసుపుపచ్చని తల బొమ్మను, తెల్లనిది ఎడమ ధ్వనిని, ఎఱ్ఱనిది కుడి ధ్వనిని కొనిపోవును. ఏ రంగు తలను ఆ రంగు రంధ్రముననే దూర్పవలెను. బొమ్మ యుండి ధ్వని లేనిచో తెలుపు, ఎఱుపు తలలను, ధ్వని యుండి బొమ్మ లేనిచో పసుపు తలను పరీక్షింపుడు. కొన్ని టెలివిజనులకు ఆకుపచ్చ రంధ్రము కూడ నుండును. పసుపు తలను పొరపాటున దానిలో దూర్చినచో బొమ్మ నలుపు తెలుపులుగా కనబడవచ్చును. అది టెలివిజను లోపము కాదు.

రెండవది హెచ్‌డీఎంఐ తీగె. దీని ప్రమాణము 2002 లో వెలువడెను. బొమ్మయు ధ్వనియు ఈ యొక్క తీగెలోనే పోవును. దీని తల ఒక ప్రక్క వెడల్పుగాను, రెండవ ప్రక్క సన్నముగాను ఉండును గనుక తలక్రిందుగా పట్టి బలవంతముగా దూర్పరాదు. పెట్టెకును టెలివిజనుకును ఈ రంధ్రమున్నచో దీనినే వాడుట మేలు; బొమ్మ స్పష్టముగా నుండును.

పాత ప్లేయరునకు మూడురంగుల రంధ్రములే యుండి, క్రొత్త టెలివిజనుకు హెచ్‌డీఎంఐ రంధ్రము మాత్రమే యున్నచో, నడుమ నొక మార్పిడి పెట్టె కావలెను. ఇచ్చటనే డబ్బు వృథా యగుటకు అవకాశము హెచ్చు. ఏవీ నుండి హెచ్‌డీఎంఐకి మార్చునది వేఱు, హెచ్‌డీఎంఐ నుండి ఏవీకి మార్చునది వేఱు. చూచుటకు రెండును ఒకే తీరుగా నుండినను ఒకదాని పని రెండవది చేయదు. కావున అంగడిలో ఏ వస్తువు నుండి ఏ వస్తువునకు కలుపవలెనో చెప్పి యడుగవలెను.

కలిపిన పిదప టెలివిజను రిమోటుపై ‘సోర్స్’ లేక ‘ఇన్‌పుట్’ అను మీటను నొక్కి, తీగె చేర్చిన రంధ్రము పేరును ఎన్నుకొనవలెను. ‘సిగ్నలు లేదు’ అని కనబడినంత మాత్రమున పెట్టె చెడెనని నిర్ణయింపరాదు. పెట్టె రిమోటుతో మెనూ నొక్కినపుడు పట్టిక తెరపై కనబడిన యెడల ఈ తీగెలు సరిగానే యున్నవి. లోపమును డిష్ వైపున వెదకుడు.

తీగెలు కలుపునపుడును విప్పునపుడును రెండింటి కరెంటు ప్లగ్గులను తీసివేయవలెను. డిష్‌కు పోవు తీగెలోను పెట్టె నుండి కొంత విద్యుత్తు ప్రవహించును. ఉరుములు మెఱుపులు సమీపింపక మునుపే ప్లగ్గులను, డిష్ తీగెను ఊడదీయుడు. పిడుగుల వేళ వానిని ముట్టుట ప్రాణాపాయకరము.

ప్రతి సంఘ కార్యాలయమునందును మంచి మూడురంగుల తీగె నొకదానిని, హెచ్‌డీఎంఐ తీగె నొకదానిని ఉంచుట యుక్తము. సభ్యులు వానిని కొనిపోయి, తమ తీగె చెడినదో పెట్టె చెడినదో తేల్చుకొందురు. పరీక్షించిన పిమ్మటనే కొనువాని చేతి డబ్బు నిలుచును.