ఊరవతల అంటే ఖాళీ జాగానా?
(నాంపల్లి, ఆబిడ్స్, రెండు విమానాశ్రయాల పాఠం)



ఈ నెల గోడపత్రికలో సాంఘికశాస్త్రం పేజీ నాకు ఇచ్చారు. మన పుస్తకంలో "నగరీకరణ" అనే మాట ఉంది. పల్లెల జనం పట్నాలకు చేరడం, పట్నాలు పెరగడం నగరీకరణ అని మనం పరీక్షకు బట్టీ పడతాం. కానీ పట్నం ఎట్లా పెరుగుతుంది? ఎవరి జాగాలో పెరుగుతుంది? ఇది తెలియాలంటే హైదరాబాద్‌ను చూడాలి.

1. స్టేషన్ వచ్చింది, బజారు వచ్చింది

చార్మినార్ కట్టింది 1591లో. అప్పటి నగరం మూసీ నదికి దక్షిణం వైపు ఉండేది. నాంపల్లి నదికి ఉత్తరాన, ఊరవతల. రైలు మొదట 1874లో సికింద్రాబాద్‌కు వచ్చింది. 1907లో నాంపల్లిలో కూడా స్టేషన్ కట్టారు. దాని అసలు పేరు హైదరాబాద్ దక్కన్ స్టేషన్. కానీ జనం అందరూ నాంపల్లి స్టేషన్ అనే అంటారు.

1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాన్ని బాగు చేయడానికి ఒక బోర్డు పెట్టి వెడల్పు రోడ్లు, కొత్త పేటలు వేయించింది.

నాంపల్లి పక్కనే ఆబిడ్స్. ఈ పేరు ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పని చేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం నడిపాడు. ఇప్పుడు ఆ దుకాణం లేదు, పేరు మాత్రం ఉంది.

మన సంత ఎక్కడ కూడుతుంది? నాలుగు ఊర్ల దారులు కలిసే చోట కదా. ఆబిడ్స్ కూడా అంతే. రైలు దిగినవాళ్లకు తినడానికి హోటలు, పడుకోవడానికి లాడ్జి, ఉత్తరం వేయడానికి పోస్టాఫీసు, కొనుక్కోవడానికి బట్టల దుకాణం కావాలి. అవన్నీ అక్కడ పుట్టాయి. పెద్ద పోస్టాఫీసు ఇప్పటికీ ఆబిడ్స్‌లోనే ఉంది. నాంపల్లి దగ్గరే అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్ ఉన్నాయి. 1938లో మొదలైన నుమాయిష్ ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో జరుగుతుంది. అట్లా ఒకప్పుడు ఊరవతల ఉన్న చోటు నగరానికి నడిమధ్య అయింది.

మొన్న జనవరిలో మమ్మల్ని నుమాయిష్ చూపించడానికి తీసుకుపోయారు. ఆ రోజు ఆదివారం. ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. నేను 60 రూపాయలకు ఇంగ్లీషు తెలుగు నిఘంటువు కొన్నాను. అట్ట ఊడింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. మన రీడింగ్ రూములో పెట్టాను, ఎవరైనా చూడొచ్చు.

2. బేగంపేటలో జాగా ఎందుకు చాలలేదు?

నాంపల్లికి ఉత్తరాన కొన్ని కిలోమీటర్ల దూరంలో బేగంపేట ఉంది. అక్కడ 1930లలో, నిజాం కాలంలో విమానాశ్రయం వచ్చింది. అప్పుడు అది కూడా ఊరవతలే. తర్వాత నగరం దాని చుట్టూ పెరిగింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. కంప్యూటర్ కంపెనీలు వచ్చాయి, విమానాలు ఎక్కేవాళ్లు పెరిగారు. విమానాశ్రయాన్ని పెద్దది చేద్దామంటే చుట్టూ ఇళ్లు, రోడ్లు, రైలు పట్టాలు.

ఖాళీ ఉన్న ఏదో ఒక మూలకు ఇంకో రన్‌వే వేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. వేయలేరు. ఎందుకో వినండి.

మన అవ్వలు వడ్లు తూర్పార పట్టేటప్పుడు ముందు గాలి ఎటు నుంచి వస్తుందో చూస్తారు. విమానం నడిపేవాళ్లు కూడా గాలిని చూస్తారు. విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. ఎదురుగాలి ఉంటే రెక్కలను పైకి లేపే బలం తొందరగా వస్తుంది, తక్కువ దూరం పరుగెత్తి లేస్తుంది. హైదరాబాద్‌లో వానాకాలం గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, చలికాలం తూర్పు వైపు నుంచి వీస్తుంది. అందుకే బేగంపేటలో, శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి.

రన్‌వే ఒక కొసన 09 అని, ఇంకో కొసన 27 అని రాస్తారు. దిక్సూచిలో తూర్పు 90 డిగ్రీలు, పడమర 270 డిగ్రీలు. చివరి సున్నా తీసేస్తే 09, 27. రెండు కొసల అవతల కూడా చాలా దూరం ఎత్తైన మేడలు, గుట్టలు ఉండకూడదు. కాబట్టి విమానాశ్రయానికి ఉత్త జాగా ఉంటే చాలదు. గాలి వాలున పొడుగ్గా, చదునుగా ఉన్న జాగా కావాలి.

3. శంషాబాద్ లెక్కలు

అట్లాంటి జాగా నగరానికి దక్షిణాన శంషాబాద్ దగ్గర చూశారు. 2005లో శంకుస్థాపన చేశారు. 2008 మార్చి 23 నుంచి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో విమానాలు మొదలయ్యాయి. బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి.

జాగా: సుమారు 5,500 ఎకరాలు. ఒక స్కూలు ఆవరణ 10 ఎకరాలు అనుకుంటే 550 స్కూళ్లు పడతాయి.

పెద్ద రన్‌వే పొడవు: 4,260 మీటర్లు. మన హాస్టల్ నుంచి సంతకు 4 కిలోమీటర్లు. అంతకన్నా పొడుగు.

ప్రయాణికులు: మొదట ఏడాదికి 1 కోటి 20 లక్షల మంది కోసం కట్టారు. 2023-24లో సుమారు 2 కోట్ల 50 లక్షల మంది వచ్చిపోయారు. అందుకే భవనాన్ని పెంచాల్సి వచ్చింది.

దారి: నాంపల్లి నుంచి 20 కిలోమీటర్ల పైనే. అందుకని 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభాల మీద రోడ్డు తెరిచారు. దానికి పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కూడా వేశారు.

నగరం: 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ సుమారు 67 లక్షల మంది ఉన్నారు.

ఇప్పుడు వరుసగా చూడండి. 1907లో నాంపల్లి ఊరవతల. 1930లలో బేగంపేట ఊరవతల. 2008లో శంషాబాద్ ఊరవతల. ప్రతిసారీ ఊరు వెనకాలే వచ్చింది. ఇప్పుడు శంషాబాద్ చుట్టూ కూడా మేడలు లేస్తున్నాయి.

4. ఊరవతల ఎవరుంటారు?

పట్నంవాళ్లు "ఊరవతల" అంటే మనకు ఖాళీ అన్నట్టు వినిపిస్తుంది. కానీ అక్కడ కూడా ఊర్లే ఉంటాయి. జొన్న చేలు, బావులు, పశువులు మేసే బీడు, పోచమ్మ గుడి ఉంటాయి. శంషాబాద్‌లో కూడా రైతుల పొలాలు పోయాయి. అప్పుడు భూమి తీసుకోవడానికి ఉన్నది బ్రిటిష్ వాళ్లు 1894లో చేసిన చట్టం. అందులో ప్రభుత్వం పరిహారం కట్టి భూమి తీసుకోవచ్చు, రైతు ఒప్పుకోవాలనే నియమం లేదు.

2013లో కొత్త భూసేకరణ చట్టం చేశారు. అది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి పోయినవాళ్లకు పునరావాసం ఇవ్వాలని అందులో రాశారు. మనకు ముఖ్యమైనది 41వ సెక్షన్. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభ సమ్మతి ఉండాలని అది చెబుతుంది. 1996 నాటి పెసా చట్టం కూడా గ్రామసభను అడగాలనే అంటుంది. 1/70 చట్టం గురించి మన పెద్దవాళ్లందరికీ తెలుసు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు అమ్మకూడదు.

చట్టం ఉంటే చాలదు, చదివేవాళ్లు ఉండాలి. పోయిన దసరా సెలవుల్లో మా ఊరికి ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. రోడ్డు వెడల్పు చేస్తామని కొలిచి, మా నాయనను, ఇంకో ఆరుగురిని కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. మా ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేను ఒక్కదాన్నే. నేను కాగితం అడిగి తీసుకుని అందరికీ వినపడేటట్టు చదివాను. అందులో "మాకు ఎటువంటి అభ్యంతరం లేదు" అని ముందే రాసి ఉంది. ఎంత భూమి పోతుందో రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. మా తాత లేచి, "ముందు అంకె రాయండి, గ్రామసభ పెట్టండి, తర్వాత ముద్ర" అన్నాడు. వాళ్లు కాగితం మడిచి తీసుకుపోయారు. మళ్లీ ఇంకా రాలేదు. వస్తారేమోనని మా అమ్మ ప్రతి వారం ఫోనులో చెబుతుంది.

భూమి ఒక్కటే కాదు, కష్టం కూడా ఊర్ల నుంచే పోతుంది. మా చిన్నాయన శంషాబాద్ దగ్గర అపార్టుమెంటు పనిలో నాలుగు నెలలు కాంక్రీటు మోశాడు. విమానాలు తల మీద నుంచే పోయేవట. "విమానం పొట్ట రోజూ చూశాను బిడ్డా, లోపల ఎట్లా ఉంటదో తెల్వదు" అన్నాడు.

5. నేను అనుకునేది

రోడ్డు వద్దు, విమానం వద్దు అని నేను అనడం లేదు. మా ఊరికి రోడ్డు బాగుంటే కాన్పుకు పోయే ఆడవాళ్లను మంచం మీద మోయనక్కర లేదు. నాకు కూడా విమానం ఎక్కాలని ఉంది, మా చిన్నాయనను కిటికీ పక్కన కూర్చోబెట్టాలని ఉంది. కానీ అభివృద్ధి లెక్క రాసేటప్పుడు ఎన్ని కోట్ల మంది ఎగిరారో రాసినట్టే, ఎంతమంది జాగా ఇచ్చారో, వాళ్లకు బదులు ఏం దొరికిందో కూడా రాయాలి. ఆ లెక్క అడగాలంటే మనం కాగితం చదవగలగాలి. మనం హాస్టల్లో ఉండి చదువుకునేది మార్కుల కోసమే కాదు, ఇందుకు కూడా.

ప్రశ్నలు (జవాబులు రాసి నాకు ఇవ్వండి. బాగున్నవి వచ్చే నెల ఇక్కడే అంటిస్తాము.)

1. రన్‌వే సరిగ్గా ఉత్తరం దక్షిణంగా ఉంటే కొసల మీద ఏ అంకెలు రాస్తారు?
2. ఆబిడ్స్ బజారుకు, మన సంతకు ఉన్న పోలికలు రెండు రాయండి.
3. మీ ఊరిలో చివరిసారి గ్రామసభ ఎప్పుడు జరిగింది? ఆడవాళ్లు ఎంతమంది పోయారు? ఇది పుస్తకంలో దొరకదు. వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి రండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని