కుక్కపిల్ల కంట్లో తెల్లమచ్చ: పెంచుకోవచ్చా?

ప్రశ్న: ఈమధ్యే లాబ్రడార్ పిల్లను కొన్నాం. రెండున్నర నెలలు. కుడికంటి పాపలో తెల్లమచ్చ ఉంది. పుట్టుకతో వచ్చిన శుక్లం అన్నారు. తిరిగి ఇచ్చేయమని బంధువుల పోరు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ఇచ్చేయాల్సిన తొందర లేదు. ముందు ఆ మచ్చ ఏమిటో, ఎంత లోతుందో తేలాలి.

కుక్కపిల్లలు పుట్టిన 10 నుంచి 14 రోజులకు కళ్లు తెరుస్తాయి. మొదటి వారాల్లో ఆ కళ్లు నీలంగా, మసకగా ఉండటం మామూలే. అందుకే నెల పిల్ల కంట్లో లోపం కొన్నవారికి కనిపించదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, అంతకు ముందే అంటగట్టేవారు ఉన్నారు.

శుక్లమంటే కంటి లోపలి కటకం తెల్లబడటం. పుట్టుకతో వచ్చినవన్నీ ముదరవు. నడిమధ్యన చిన్నదిగా ఆగిపోయిన మచ్చయితే, వయసుతో కటకం పెరిగేకొద్దీ దాని చుట్టూ తేటభాగం ఎక్కువవుతుంది. చూపు కొంత మెరుగుపడవచ్చు. కొన్ని పిల్లల్లో మాత్రం శుక్లంతోపాటు కనుగుడ్డు చిన్నదిగా ఉండటం, రెటీనా పనిచేయకపోవడం కూడా ఉంటాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు అల్ట్రాసౌండ్, రెటీనా పనితీరు తెలిపే ఈఆర్‌జీ పరీక్షలు చేస్తారు. రెటీనా పనిచేయకపోతే శుక్లం తీసినా చూపు రాదు.

ఈలోగా ఇంట్లో ఒక పరీక్ష చేయవచ్చు. ఎడమకన్నును అరచేత్తో మూసి, చిన్న దూది ఉండను పిల్ల ముఖం ముందు పైనుంచి జారవిడవాలి. దూది చప్పుడు చేయదు కాబట్టి, తల తిప్పి చూసిందంటే కంటితో చూసినట్టే. ఆటలా రెండు మూడుసార్లు చేస్తే చాలు, ఆ తర్వాత విసుగుతో అసలు పట్టించుకోదు. దగ్గరి పశువుల ఆసుపత్రిలో చూపించాక, పెద్ద పరీక్షలు కావాలంటే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడగవచ్చు.

ప్రశ్న: మా కుక్కపిల్లకు రెండు కళ్లూ కనబడవు. ఇంటి పక్కనే పంటకాలువ, వెనక రొయ్యల చెరువు. పెంచగలమా?
– ఒక పాఠకుడు, నాగాయలంక

జవాబు: నిక్షేపంలా పెంచవచ్చు. కుక్కకు ముక్కూ చెవులే పెద్ద ఆసరా. పుట్టుకతోనే చూపు లేని పిల్ల వాటితోనే ఇల్లంతా నేర్చుకుంటుంది. మీ దివిసీమలో అసలు ముప్పు నీళ్లతోనే.

కాలువ వైపు దడి తప్పనిసరి. చెరువుల దగ్గరి పాత వల కట్టినా పనికొస్తుంది గానీ, కన్నాలు పెద్దవైతే తల ఇరుక్కుంటుంది. గట్టు మీదికి తాడు లేకుండా వదలకూడదు. అన్నం గిన్నె, పడక ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. మెట్ల ముందు గోనెపట్టా పరిస్తే, కాలికి గరుకు తగలగానే ఆగడం అలవాటవుతుంది. నిద్రలో ఉన్నప్పుడు పిలవకుండా తాకితే ఉలిక్కిపడి కరవవచ్చు; ఇంట్లో పిల్లలుంటే ఈ సంగతి ముందే చెప్పాలి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి.

ప్రశ్న: మెడికల్ షాపులో ఇచ్చిన కంటిచుక్కలు వేస్తున్నాం. శుక్లం కరుగుతుందా? పెద్దయ్యాక ఈ కుక్కతో పిల్లలు పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: చుక్కలతో శుక్లం కరగదు. ఆ సీసాలో స్టెరాయిడ్ ఉండి, నల్లగుడ్డు మీద పుండు ఉంటే కన్నే పోయే ప్రమాదం ఉంది. చనుబాలు, పసుపునీళ్లు కూడా పోయకూడదు. కన్ను ఎర్రబడటం, ఉబ్బడం, నీరు కారడం, కాలితో రుద్దుకోవడం, వెలుతురుకు మూసుకోవడం నొప్పికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక రెండో మాట. పుట్టుశుక్లాల్లో వంశపారంపర్యంగా వచ్చేవీ ఉంటాయి. ఆపరేషన్‌తో చూపు వచ్చినా ఆ జన్యువు మారదు. అందుకే ఈ కుక్కతో పిల్లలు పెట్టించవద్దు, తగిన వయసులో గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించండి. అమ్మినవారికి కూడా కబురు చేయండి. అదే జంటను మళ్లీ కలపకుండా, మిగతా పిల్లల కళ్లు చూపించమని చెప్పండి.