కరెంటు లేని చోట పన్ను నింపడం ఎలా?

పన్ను పుచ్చితే మన పల్లెల్లో "పంట్లో పురుగు పడింది" అంటారు. సంతలో చాప పరచుకొని కూర్చుని, బుగ్గకు ఏదో ఆకు పసరు రాసి, "ఇదుగో పురుగు" అని తీసి చూపించే మనుషులు ఉండేవారు. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగితే చెబుతారు. పంట్లో పురుగు ఉండదు. అతను చూపించే పురుగు అతని చేతిలోనిదే. కాని నొప్పి మాత్రం నిజం. అది రాత్రంతా నిద్ర పోనివ్వని నొప్పి.

ఆ నొప్పితో సంతలో మనిషి దగ్గరకు ఎందుకు వెళ్ళవలసి వస్తుంది? దంతవైద్యుడు పట్నంలో ఉంటాడు కనుక. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి 100 మందిలో 69 మంది పల్లెల్లో ఉన్నారు. దంతవైద్యులలో ఎక్కువ మంది ఉండేది నగరాల్లో. పన్ను చూపించుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి. అందుకని లవంగం పెట్టుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి ఓర్చుకుంటారు. ఇక ఓర్చుకోలేని రోజున బయలుదేరి వెళ్తే, వైద్యుడు చేయగలిగింది చాలాసార్లు ఒకటే: పన్ను పీకడం. పన్నెండేళ్ళ పిల్ల తన జీవితమంతా నమలవలసిన దవడ పన్నును అలా పోగొట్టుకుంటుంది. ఆరు నెలల ముందు అదే పంట్లో ఉన్నది మినపగింజంత గుంట మాత్రమే.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో ఉన్నారని, వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యస్థ ఆదాయపు దేశాల వారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది.

ఆ చిన్న గుంటను గుంటగా ఉన్నప్పుడే, ఊళ్ళోనే, బడిలోనే పూడ్చలేమా? పూడ్చవచ్చు. కరెంటు లేకుండా, తొలిచే మర లేకుండా కూడా పూడ్చవచ్చు. ఎలాగో తెలియాలంటే ముందు గుంట ఎలా పడుతుందో చూడాలి.

పంటికి పైన ఉండే తెల్లని తొడుగు పేరు పింగాణి. ఎనామెల్ అంటారు. మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. ఆ ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడినది. దాని కింద కొంచెం మెత్తని డెంటిన్ పొర, దాని లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న గుజ్జు ఉంటాయి. నొప్పి తెలిసేది గుజ్జుకే. పింగాణికి స్పర్శ లేదు. అందుకే పన్ను పుచ్చడం మొదలైన సంగతి మనకు తెలియదు.

పింగాణి ఇంత గట్టిదైనా ఆమ్లానికి లొంగుతుంది. ఒక గ్లాసులో నిమ్మరసం పోసి, కోడిగుడ్డు పెంకు ముక్క వేసి చూడండి. బుడగలు వస్తాయి, పెంకు క్రమంగా పలచబడుతుంది. పెంకు కాల్షియం కార్బొనేట్, పన్ను కాల్షియం ఫాస్ఫేట్. రసాయనాలు వేరు కనుక పంటి మీద బుడగలు రావు, కరగడం మాత్రం జరుగుతుంది. మన నోట్లో ఆ ఆమ్లాన్ని తయారు చేసేవి సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1924లో పుచ్చిన పళ్ళ నుండి దీన్ని వేరు చేశాడు. మనం తిన్న చక్కెరే దాని తిండి. తిని లాక్టిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. బిస్కెట్టు తిన్న కొద్ది నిమిషాలలోనే పంటి మీద పి.హెచ్. విలువ 5.5 కంటే కిందికి పోతుంది. అప్పుడు పింగాణి కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చడానికి అరగంట నుండి గంట పడుతుంది. ఈలోపల మళ్ళీ చాక్లెట్టు తింటే? ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యమని దీన్నిబట్టి మీరే గ్రహించవచ్చు.

పింగాణి దాటి డెంటిన్‌కు చేరిన పుచ్చు తొందరగా వ్యాపిస్తుంది. అక్కడ డెంటిన్ మెత్తబడి, తడిసిన తోలులా అవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మన కథకు ఇదే కీలకం.

పట్నంలో వైద్యుడు ఏం చేస్తాడు? కుర్చీలో పడుకోబెట్టి, గుయ్‌మనే మరతో తొలుస్తాడు. ఆ మరకు కరెంటు కావాలి, గాలి పంపు కావాలి, నీళ్ళు కావాలి. కరెంటు మరలు వాడుకలోకి రాకముందు కాలితో తొక్కే మర ఉండేది. అమెరికాలో మారిసన్ అనే ఆయన 1871లో దానికి పేటెంటు పొందాడు. కుట్టుమిషను తొక్కినట్లే తొక్కేవారు. మరి తొలవడం ఎందుకు? పుచ్చిన భాగాన్ని తీసివేయడానికి అని మీరు అంటారు. అది సగం జవాబే. పుచ్చిన డెంటిన్ తడి తోలులా మెత్తగా ఉంటుందని చెప్పుకున్నాం. దాన్ని చేతి పనిముట్టుతో గోకి తీయవచ్చు. మర కావలసింది గట్టిగా ఉన్న మంచి పన్నును కోయడానికి!

మంచి పన్నును ఎందుకు కోయాలి? నింపే పదార్థం కోసం. నూరు సంవత్సరాలకు పైగా వైద్యులు పాదరసం, వెండి, తగరం కలిసిన అమాల్గం అనే మిశ్రమాన్ని వాడారు. అది మహా గట్టిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. కాని పంటికి అంటుకోదు. అంటుకోని దాన్ని ఊడకుండా నిలపాలంటే గుంట కుండలా ఉండాలి, మూతి ఇరుకు, పొట్ట వెడల్పు. అలాంటి ఆకారం రావాలంటే ఆరోగ్యంగా ఉన్న పన్నును కూడా తొలచక తప్పదు. గట్టి పన్నును తొలవాలంటే మర, మరకు కరెంటు, కరెంటుకు పట్నం. పల్లెకు, పంటి వైద్యానికి మధ్య ఉన్న దూరంలో కొంత భాగం ఈ అమాల్గం పెట్టినదే అని నేనంటే మీరు నవ్వకండి.

1980 దశకం మధ్యలో ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో యో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు పనిచేశాడు. అక్కడి పల్లెల్లో కరెంటు లేదు, కొళాయి నీళ్ళు లేవు. మరను ఊరికి మోసుకుపోయే ఆలోచన మాని, మర లేకుండా ఎంతవరకు చేయవచ్చో అతనూ తోటివారూ చూశారు. మెత్తబడిన డెంటిన్‌ను చేతితోనే తీసి, పంటికి తానుగా అంటుకునే సిమెంటుతో పూడ్చడం వారి పద్ధతి. దీనిని ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఎ.ఆర్.టి. అంటారు. పంటికి వీలైనంత తక్కువ గాయంతో చేసే మరమ్మతు అని అర్థం చెప్పుకోవచ్చు.

ఆ సిమెంటు సంగతి మీ రసాయనశాస్త్ర పాఠమే. దాని పేరు గ్లాస్ అయనోమర్. లండన్‌లో ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో ఆలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ 1969లో దీనిని తయారు చేశారు. ఒక సీసాలో మెత్తని గాజుపొడి. మామూలు కిటికీ గాజు కాదు, అల్యూమినియం, కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ప్రత్యేకమైన గాజు. రెండో సీసాలో పాలీఅక్రిలిక్ ఆమ్లపు ద్రవం. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని మీరు చదివారు. ఇక్కడ క్షారం పాత్ర గాజుపొడిది. రెంటినీ కలిపి నూరగానే ఆమ్లం గాజు రేణువుల పైపొరను కరిగించి కాల్షియం, అల్యూమినియం అయాన్లను బయటికి లాగుతుంది. ఆమ్లపు అణువులు పొడవైన గొలుసులు. పూలదండలను పక్కపక్కన పరచి నడుమ నడుమ ముడులు వేసినట్లుగా ఈ అయాన్లు గొలుసుకూ గొలుసుకూ మధ్య ముడులు వేస్తాయి. కొద్ది నిమిషాలలో ముద్ద గట్టిపడుతుంది.

అసలు వింత ఇంకొకటి ఉంది. పంటిలోనూ కాల్షియం ఉన్నది కదా! ఆ గొలుసులు పంటి కాల్షియంతో కూడా ముడి వేసుకుంటాయి. అంటే సిమెంటు పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది. ఇక కుండ ఆకారం అక్కరలేదు, మర అక్కరలేదు. పైగా ఈ సిమెంటు నుండి ఫ్లోరైడు కొంచెం కొంచెం బయటికి వచ్చి చుట్టూ ఉన్న పన్నును గట్టిపరుస్తుంది.

ఫ్లోరైడు అనగానే నల్లగొండ పిల్లలు ఉలిక్కిపడతారు. పడవలసిందే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి, ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, మరీ ఎక్కువైతే ఎముకల బాధ వస్తాయి. మన దేశంలో ఈ వ్యాధిని మొదట గుర్తించినది 1937లో, ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. కాని అది రోజూ కడుపులోకి పోయిన ఫ్లోరైడు. ఇది పంటి అంచున తగిలే కొద్దిపాటి ఫ్లోరైడు. రెంటికీ పోలిక లేదు.

ఇప్పుడు పని ఎలా చేస్తారో చూద్దాం. బడిలో రెండు బల్లలు కలిపి వేస్తే చాలు, పిల్లవాడిని దాని మీద పడుకోబెడతారు. వైద్యుడు తల వైపున కూర్చుంటాడు. చిన్న అద్దం, మొన తేలిన సన్నని కడ్డీ, చిన్న ఉలి వంటి పనిముట్టు, ఆవగింజంత చెంచా ఉన్న పనిముట్లు, దూది, చేతి తొడుగులు, రెండు సీసాలు. సామానంతా ఒక చేతిసంచిలో పడుతుంది. పనిముట్లను మాత్రం ప్రతి పిల్లవాడి తరువాత సూక్ష్మజీవులు మిగలకుండా శుద్ధి చేసి తీరాలి. ఆవిరిపాత్రను కిరసనాయిలు పొయ్యి మీద పెట్టి కూడా ఈ పని చేస్తారు.

పంటి చుట్టూ దూది చుట్టలు పెట్టి తడి లేకుండా చేస్తారు. గుంట మూతి మరీ ఇరుకుగా ఉంటే, కింద ఆధారం లేని పింగాణి అంచును ఉలితో విరిచి కొంచెం వెడల్పు చేస్తారు. చెంచాతో మెత్తని డెంటిన్‌ను గోకి తీస్తారు. చెంచాకు గట్టిగా తగిలిన చోట ఆగిపోతారు. బతికి ఉన్న డెంటిన్‌ను కోయరు కనుక చాలామంది పిల్లలకు మత్తు సూది అక్కరలేదు. తరువాత గుంటను పలచని ఆమ్లంతో తుడిచి, కడిగి, ఆరబెట్టి, సిమెంటు నింపుతారు. వైద్యుడు వేలికి వాజెలీను రాసుకుని ఆ ముద్దను పంటి మీద నొక్కి పట్టుకుంటాడు. గుంటలోకే కాక, పక్కనున్న సన్నని పగుళ్ళలోకి కూడా సిమెంటు దిగుతుంది. మిగిలినది గోకివేస్తారు. గంటసేపు ఏమీ తినవద్దని చెప్పి పంపుతారు. అడుగున కొన్ని సూక్ష్మజీవులు మిగిలిపోవా? మిగులుతాయి. కాని మూత బిగిసింది కనుక వాటికి చక్కెర అందదు. తిండి లేక అవి అణగిపోతాయి.

ఎన్నాళ్ళు ఉంటుంది? 1991లో థాయిలాండ్ పల్లెల్లో మొదలుపెట్టిన పరీక్షలో, మూడేళ్ళ తరువాత ఈ సిమెంటు 100కు 71 పళ్ళలో నిలిచింది. మరతో తొలిచి నింపిన అమాల్గం 85 పళ్ళలో నిలిచింది. ఓడిపోయింది కదా అంటారా? ఆ పల్లెల్లో మర రోజూ ఉండదని మరచిపోకండి. తరువాత సిమెంటును ఇంకా గట్టిగా తయారు చేశారు. 2012లో అప్పటి పరీక్షలన్నీ కూర్చి లెక్క చూస్తే, శాశ్వత దంతాలలో ఒకవైపు మాత్రమే ఉన్న గుంటలకు పెట్టినవి అయిదేళ్ళకు కూడా 100కు దాదాపు 80 నిలిచాయి. పాల పళ్ళలో రెండు మూడు వైపులకు పాకిన పెద్ద గుంటలకు మాత్రం ఫలితం అంత బాగా లేదు. పుచ్చు గుజ్జు దాకా పోయి చీము పట్టిన పంటికి ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు పట్నం వెళ్ళవలసిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని 1994 ఏప్రిల్ 7న, ప్రపంచ ఆరోగ్య దినాన లోకానికి పరిచయం చేసింది. 2021లో గ్లాస్ అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. దానితోపాటు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే మందును కూడా చేర్చింది. జపానులో 1970 ప్రాంతం నుండి వాడుకలో ఉన్న ఈ ద్రవాన్ని గుంటలో కుంచెతో రాస్తే చాలు, చాలా పళ్ళలో పుచ్చు అక్కడికి ఆగుతుంది. అయితే ఆ చోటు నల్లగా మారిపోతుంది. ముందు పళ్ళకు రాస్తామంటే తల్లులు ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు!

పనిముట్టు తేలికైతే, పట్టుకునే చేతులు ఎవరివి అన్న ప్రశ్న వస్తుంది. న్యూజిలాండ్ దేశం 1921లోనే బడి పిల్లల పళ్ళ కోసం ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. బడి ఆవరణలోనే వారి గది ఉండేది. పిల్లలు దానికి 'హత్యల ఇల్లు' అని పేరు పెట్టారనుకోండి, అది వేరే సంగతి. మన దేశంలో పన్ను నింపడం దంతవైద్యుని పని. కనుక ఇక్కడ జరగవలసింది వైద్యుడే సంచి పట్టుకుని బడికి రావడం. దంత వైద్య కళాశాలల వారు పల్లె బడులలో శిబిరాలు పెడుతూనే ఉన్నారు. పళ్ళు చూసి, చీటీ రాసి, పట్నం రమ్మని చెప్పే శిబిరం కంటే అక్కడే రెండు గుంటలు పూడ్చి వెళ్ళే శిబిరం మేలని నా అభిప్రాయం. చీటీ పుచ్చుకున్న వాళ్ళలో ఎందరు బస్సు ఎక్కుతారు?

మీ బడికి అటువంటి శిబిరం వచ్చినప్పుడు మీ తమ్ముడినో చెల్లెలినో వెంట తీసుకువెళ్ళండి. ఆరేళ్ళ వయసులో దవడ చివర, పాల పళ్ళ వెనకాల నాలుగు కొత్త పళ్ళు వస్తాయి. వాటి కోసం ఏ పాల పన్నూ ఊడదు. అందుకని ఇంట్లో వాళ్ళు అవి కూడా పాల పళ్ళే, ఎలాగూ ఊడిపోతాయి అనుకుంటారు. కాదు, అవి శాశ్వత దంతాలు. వాటి మీద ఉండే లోతైన చాళ్ళలోనే పుచ్చు ముందుగా మొదలవుతుంది. గుంట ఒకవైపే ఉంటుంది కనుక ఈ సిమెంటు చక్కగా నిలిచేదీ అక్కడే. చెల్లెలిని పగటి వెలుతురులో నోరు తెరవమని, ముందు నుండి లెక్కపెడుతూ ఆరో పన్ను చూడండి. చాళ్ళలో నల్లగానో, గోధుమ రంగులోనో గుంట కనబడితే వైద్యునికి ఆ పన్ను వేలు పెట్టి చూపించండి.