పాఠం 18 – మరణించిన వారి ఆస్తి: వకీలు లేకుండా వారసులు చేసుకోగల పనులు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఇంట్లో ఒకరు మరణించినప్పుడు ఏ కాగితం ఎక్కడ పనికివస్తుందో చెప్పగలుగుతారు. డబ్బు తీసుకునే హక్కుకూ, ఆ డబ్బు సొంతమయ్యే హక్కుకూ గల తేడాను గుర్తించగలుగుతారు.

18.1 ప్రొబేట్ తప్పనిసరా?

వీలునామా నిజమైనదేనని కోర్టు విచారించి ధ్రువీకరించడాన్ని ప్రొబేట్ అంటారు. వీలునామా ఉంటే ప్రొబేట్ తప్పదని చాలామంది భయపడతారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షనులో ఆ నిర్బంధం ఉండేది. హిందువుల విషయంలో అది ప్రధానంగా కలకత్తా, మద్రాసు, బొంబాయిలకు సంబంధించిన వీలునామాలకే వర్తించేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షనునే తొలగించింది. కాబట్టి ప్రొబేట్ పేరు చెప్పి ఎవరైనా పెద్ద ఫీజు అడిగితే, అది ఎందుకు అవసరమో ముందు అడగండి.

18.2 ఒక కుటుంబం

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి గ్రేటర్ నోయిడాలో స్థిరపడిన ఒక హిందూ కార్మికుడు వీలునామా రాయకుండా మరణించాడనుకుందాం. భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, ఊళ్లో తల్లి ఉన్నారు. బ్యాంకులో 20 లక్షల రూపాయలు, ఇక్కడ ఒక ఫ్లాటు ఉన్నాయి. అన్నీ అతని స్వార్జితాలే.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ నలుగురూ మొదటి తరగతి వారసులు. బ్యాంకు సొమ్ములో ఒక్కొక్కరికి 5 లక్షలు వస్తాయి. తండ్రి బతికి ఉన్నా ఈ తరగతిలోకి రాడు. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. అంతకంటె తరచుగా మరిచిపోయేది తల్లి వాటా. కోడలు ఇక్కడ, అత్తగారు పల్లెలో ఉన్నప్పుడు ఆమె పేరు కాగితాల్లోకి రాకుండానే పని జరిగిపోతుంది. తరువాత తగాదాలు అక్కడే మొదలవుతాయి.

18.3 బ్యాంకు పని

ముందుగా మరణాన్ని 21 రోజులలోపు నమోదు చేయించి, మరణ ధ్రువపత్రం నకళ్లు నాలుగైదు తీసుకోండి. ప్రతి కార్యాలయమూ దానినే మొదట అడుగుతుంది.

ఖాతాకు నామినీ ఉంటే బ్యాంకు సొమ్మును ఆ వ్యక్తికి ఇస్తుంది. అంతమాత్రాన అది ఆ వ్యక్తి సొంతం కాదు. బ్యాంకు ఖాతాల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఈ సంగతి స్పష్టం చేసింది. నామినీ వారసుల తరఫున తీసుకుంటాడు.

నామినీ లేకపోయినా వెంటనే కోర్టుకు పరుగెత్తనక్కరలేదు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకులలో 15 లక్షల వరకు, సహకార బ్యాంకులలో 5 లక్షల వరకు, వివాదం లేనప్పుడు, దరఖాస్తు, ఇతర వారసుల అంగీకారం, నష్టపరిహార హామీపత్రం తీసుకుని చెల్లించాలి. కాగితాలన్నీ అందిన 15 రోజులలో పని పూర్తిచేయాలి.

18.4 కోర్టు పని

మన ఉదాహరణలో సొమ్ము 20 లక్షలు కనుక బ్యాంకు వారసత్వ ధ్రువపత్రం అడగవచ్చు. దీన్నే జనం సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. మరణించే నాటికి ఆ వ్యక్తి సాధారణంగా ఎక్కడ నివసించాడో అక్కడి జిల్లా జడ్జికి దరఖాస్తు చేయాలి. ఈ కుటుంబానికి అది సూరజ్‌పూర్‌లోని గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా కోర్టు. శ్రీకాకుళం వెళ్లనక్కరలేదు. ఇక్కడ ఇచ్చిన పత్రం దేశమంతటా చెల్లుతుంది.

వకీలు లేకుండా మీరే హాజరుకావచ్చు. దరఖాస్తులో మరణించిన తేదీ, నివాసం, దగ్గరి బంధువుల పేర్లు, చిరునామాలు, మీకు హక్కు ఎలా వచ్చిందో, రావలసిన సొమ్ముల వివరం రాయాలి. బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, మొత్తం తప్పు లేకుండా ఉండాలి. పత్రంలో పేర్కొన్న సొమ్ముకే అది పనిచేస్తుంది. తెలుగు కాగితాలకు అనువాదం జతచేయండి. కోర్టు ఫీజు సొమ్మునుబట్టి, రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. దానిని దరఖాస్తుతోపాటే జమచేయాలి.

బంధువుల జాబితాలో ఒక్క పేరు కూడా దాచవద్దు. వారసురాలిని దాచి మోసంతో పొందిన పత్రాన్ని 383వ సెక్షను కింద కోర్టు రద్దుచేయగలదు. సక్రమంగా పొందిన పత్రం కూడా సొమ్ము వసూలుకే గాని, ఎవరి వాటా ఎంతో తేల్చడానికి కాదు.

వారసులలో ఒకరు అభ్యంతరం చెబితే మాత్రం ఒంటరిగా నడపడం మంచిది కాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

18.5 ఫ్లాటు

వారసత్వ ధ్రువపత్రం ఇళ్లకు, స్థలాలకు పనికిరాదు. గ్రేటర్ నోయిడాలో భూమి సాధారణంగా పారిశ్రామికాభివృద్ధి ప్రాధికార సంస్థ లీజుకిచ్చినది కనుక పేరు మార్పుకు ఆ సంస్థకే దరఖాస్తు చేయాలి. ఒకరు తమ వాటా వదులుకుంటే ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద సంతకం చాలదు. పిల్లలు మైనర్లు కనుక వారి వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లి అమ్మకూడదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. పై ఉదాహరణలో భార్య నామినీ అయితే, 20 లక్షలలో ఆమెకు సొంతమయ్యేది ఎంత?
2. ఆ ఖాతాలో 12 లక్షలే ఉండి, నామినీ లేకపోతే కోర్టుకు వెళ్లాలా?
3. మీ ఇంట్లో ప్రతి ఖాతాకు నామినీ ఉన్నారో లేదో పాసుపుస్తకాలు చూసి ఒక పట్టిక రాయండి.

జవాబులు: 1. 5 లక్షలు. 2. వివాదం లేకపోతే, అది వాణిజ్య బ్యాంకు అయితే, అక్కరలేదు.