వీడియో తీసిందెవరు?

గోపన్‌పల్లి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఐ.టి. కంపెనీల అద్దాల మేడలే. ఈ ఊరికి ఇంకొక లెక్క కూడా ఉన్నది. 2004లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుండి కంచ గచ్చిబౌలిలో 534 ఎకరాలు తీసుకొని, బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతున్నది. అట్లా తీసుకున్నదాంట్లోని 400 ఎకరాల మీదకే 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది పండుగనాడు, బుల్డోజర్లు వచ్చాయి.

ఆ దృశ్యాలను లోకానికి చూపినవాటిలో ముఖ్యమైనవి విద్యార్థుల ఫోన్లు. చీకట్లో యంత్రాల లైట్లు, నెమళ్ల అరుపులు అందరం విన్నాం. టీవీ ఛానళ్లు కూడా అవే వేశాయి. మూలన చిన్న అక్షరాలతో "సోషల్ మీడియా" అని రాసేవారు. తీసిన పిల్లవాడి పేరుండదు. రాత్రి చర్చలోనేమో "సోషల్ మీడియాను నమ్మగలమా?" అని అదే ఛానల్ అడుగుతుంది! పొద్దున వార్త అయినది రాత్రికి పుకారు ఎట్లా అయిందో నాకు బోధపడలేదు.

అబద్ధాలు లేవని నేననను. కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు కూడా ఆ రోజుల్లోనే తిరిగాయి. బుల్డోజర్ల ముందు జింక, నెమలి ఉన్న అట్లాంటి బొమ్మను పంచుకున్నందుకు ఐ.ఎ.ఎస్. అధికారిణి స్మితా సబర్వాల్‌కు పోలీసులు నోటీసు ఇచ్చారు. అయితే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశం మీద హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూశారు. సుమారు వంద ఎకరాలు ధ్వంసమైనట్లు, నెమళ్లు, జింకలు కనబడినట్లు నివేదిక ఇచ్చారు. అంటే బొమ్మలోని జింక అబద్ధమే కావచ్చు, కంచలోని జింక మాత్రం నిజం.

ఆ నెలలోనే, మార్చి 12న, ఒక వీడియో విషయంలో పల్స్ న్యూస్ రేవతి, తన్వి యాదవ్‌లను అరెస్టు చేశారు. ఆ తర్వాత అసలు జర్నలిస్టు అంటే ఎవరో చెప్పమని ముఖ్యమంత్రి అసెంబ్లీలో జర్నలిస్టు సంఘాలనే అడిగారు. నా మట్టుకు ఆ ప్రశ్నే తప్పు. మనిషికి కార్డు ఉన్నదా అని కాదు, సరుకు ఎట్లా ఉన్నదో చూడాలి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పటేల్ వడ్లయినా, మా నాయిన వడ్లయినా ఆపాల్సిందే. మీటరుకు మనిషి మొఖంతో పనిలేదు. (మీటరు పట్టుకున్నాయనకు ఉంటుంది, అది వేరే కథ.)

నిజానికి పెద్ద పత్రికలకు ఈ అలవాటు కొత్తది కాదు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు తెచ్చినప్పటినుంచి ఊరి వార్తలకు గిరాకీ పెరిగింది. వాటిని మోసింది జీతం లేని కంట్రిబ్యూటర్లు. వార్త పత్రికది, తిరుగుడు వాళ్లది.

మరి వీడియోకు తేమ మీటరు ఏది? సైన్సు విద్యార్థిగా ఒకటి చెబుతాను: నీడ. మార్చి నెలాఖరున మన హైదరాబాద్‌లో సూర్యుడు పగలు 12.20 ప్రాంతంలో నడినెత్తికి దగ్గరగా, 76 డిగ్రీల పైన ఉంటాడు. మీటరు కర్రకు అప్పుడు నీడ సుమారు 24 సెంటీమీటర్లే. సాయంత్రం 4.20కి సూర్యుడు 30 డిగ్రీలకు దిగుతాడు, అదే కర్ర నీడ 175 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. కనుక మధ్యాహ్నం తీసినదన్న వీడియోలో మనిషి నీడ మనిషికంటే పొడుగుంటే ఏదో తేడా ఉన్నట్టే. త్రికోణమితి తెలిసిన ఇంటర్ పిల్లవాడు కూడా చేయగల లెక్క ఇది.

రాత్రి తీసిన వీడియోకు ఈ లెక్క పనికిరాదు. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినదాంట్లో తీసిన సమయం, స్థలం వివరాలు కూడా మిగలవు. అప్పుడు తీసినవాడిని వెతికి పట్టుకొని, వాని ఫోన్‌లోని అసలు ఫైలు అడగవలసిందే. విలేకరికి అది ఒక్క ఫోన్ కాల్ పని. పేరు కూడా అప్పుడే తెలుస్తుంది.