పవర్‌బ్యాంక్ కళ్లెదుటే ఎందుకు?

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే పెట్టుకోమంటున్నారు. నిప్పంటుకునే వస్తువును మనుషుల మధ్య ఉంచడం ఇంకా ప్రమాదం కాదా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీ సందేహం సబబేనమ్మా. కానీ పవర్‌బ్యాంక్ బ్యాటరీలో లోపలి పొర దెబ్బతింటే అది తనంతట తానే వేడెక్కి, ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. సామాన్ల అరలో వదిలే హాలన్ వాయువు మంటను అణచినా ఆ వేడిని ఆపలేదు. క్యాబిన్‌లో అయితే పొగ వెంటనే కనిపిస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లారుస్తారు. పొగే అసలు శత్రువు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఈ-బైక్ షోరూమ్ అంటుకున్నప్పుడు పై అంతస్తుల వాళ్లకు ఊపిరాడనివ్వనిది ఆ పొగే. మూసిన అరలో పొగ వెంటనే కనిపించదు, అందుకే పవర్‌బ్యాంక్‌ను తలపై అరలోనూ పెట్టకండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో కాలిపోయిన ఎయిర్ బుసాన్ విమానంలో మంట మొదలైంది ఆ అరలోనే.

20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే సుమారు 74 వాట్-అవర్లు. 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. పైన సామర్థ్యం అంకెలు చెరిగిపోయినదాన్ని తనిఖీలో ఆపేయొచ్చు. ఉబ్బినదైతే అసలు తీసుకెళ్లకండి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఫోన్ సీటు సందులో పడినా, ఏదైనా వేడెక్కి ఘాటు వాసన వచ్చినా మీరు తాకకండి, సీటు కదపకుండా సిబ్బందిని పిలవండి. బ్యాటరీ వీల్‌చెయిర్ ఉంటే ముందే విమాన సంస్థతో మాట్లాడండి.