వజూలో అరికాలు కూడా చూసుకోండి



చర్మం మీది నల్ల మచ్చల్లో చాలావరకు హాని లేనివే. పుట్టుమచ్చలు, వయసు పైబడ్డాక వీపున, ముఖాన అంటించినట్టు లేచే నల్లని పొక్కులు, నుదుటి మీద సజ్దా గుర్తు, నమాజులో కూర్చునే తీరు వల్ల ఎడమ చీలమండ దగ్గర గట్టిపడే చర్మం, వీటికి మామూలుగా బయాప్సీ అక్కరలేదు. డాక్టరు చూసి చెప్పగలరు. చిక్కంతా అరుదుగా వచ్చే మిగతా వాటితోనే.

వాటిలో ముఖ్యమైనది మెలనోమా. ఇది చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. తెల్లజాతి వారిలో ఎక్కువగా ఎండ తగిలే చోట వస్తుంది. మనవంటి ఛాయ గలవారిలో అరికాలు, అరచెయ్యి, గోటి అడుగు దీనికి ఇష్టమైన చోట్లు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద ఇదే బయటపడింది. మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

కొల్లేరు చేపల చెరువుల్లోనూ, తాడేపల్లిగూడెం వైపు వరిచేలల్లోనూ వట్టికాళ్లతో పనిచేసేవారికి ముల్లు దిగడం, గుల్ల గీసుకోవడం రోజూ ఉండేదే. అందుకే అరికాలి మచ్చను ఆనెకాయ అనుకుంటారు. బ్లేడుతో చెక్కుతారు, యాసిడ్ పెట్టి కాలుస్తారు. ఇది చాలా ప్రమాదం. పైభాగం కాలిపోతుంది, లోపలిది అలాగే ఉంటుంది, తర్వాత పరీక్షకు సరైన ముక్క కూడా దొరకదు. గోటి కింద దెబ్బకు కమిలిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. ఒకే గోటిలో నల్ల చార వెడల్పవుతూ పక్క చర్మంలోకి పాకితే ఆలస్యం చేయరాదు.

ఇంకొకటి, ముల్లు గుచ్చుకున్న చోట బూజుజాతి క్రిమి చేరి, నెలలూ ఏళ్లూ గడిచాక పులిపిర్లలా పెరిగి, మీద నల్లని చుక్కలు తేలే జబ్బు. పేరు క్రోమోబ్లాస్టోమైకోసిస్. చూపుకు క్యాన్సర్‌లాగే ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద గోధుమరంగు గుండ్రని కణాలు కనబడితే తేలిపోతుంది. దీనికి నెలల తరబడి మాత్రలు వాడాలి. మెలనోమాకు ఆపరేషన్ కావాలి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే అనవసరంగా వేలు పోతుంది, లేదా ప్రాణమే పోతుంది.

బయాప్సీ అంటే పెద్ద ఆపరేషన్ కాదు. ఆ చోట మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న మచ్చనైతే మొత్తంగా, పెద్దదైతే 4 మిల్లీమీటర్ల గుండ్రని పరికరంతో లోతుగా ముక్క తీస్తారు. పైపైన గీకితే చాలదు. మెలనోమా ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలిచే పద్ధతిని 1970లో బ్రెస్లో చూపించారు. తర్వాతి చికిత్స ఎక్కువగా ఆ కొలత మీదే నిలబడుతుంది. ముక్కను ఫార్మలిన్‌లో వేసి పంపాలి, ఉత్త సీసాలో కాదు. మచ్చ ఎక్కడ ఉంది, ఎన్నాళ్లుగా ఉంది, రోగి వయసెంత అన్నవి చీటీ మీద రాయాలి. అవి లేకపోతే పాథాలజీ డాక్టరు సగం చీకట్లో చూసినట్టే. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఇళ్లలో బాగా వినబడుతుంది. అది నిజం కాదు.

ఏలూరులో మల్కాపురం ఆశ్రం మెడికల్ కళాశాల ఉంది, 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. దూరం సమస్య కాదు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, దాని కోసం రెండోసారి రావాలంటే చెరువు కూలీకి ఇంకో రోజు కూలి పోతుంది. పుండు మానింది కదా అని రాకుండా ఉండిపోయేవారు ఉంటారు. దాతలు పరీక్ష ఖర్చుతోపాటు ఆ రెండో బస్సు చార్జీ, ఆ రోజు కూలి కూడా లెక్కలో వేయాలని మనవి. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుందో ఇమాం సాహెబుగారిని అడగండి. సదఖా సొమ్ముకు ఆ ఇబ్బంది లేదు.